చదివించిన అభిప్రాయాలు

పాట నచ్చకపోతే మీ తరం పిల్లలు ఫోన్‌లో వేలితో పక్కకి తోసేసి ఇంకోటి చూసుకుంటారు. మా కార్యక్రమం చూసేవాళ్ళు అలా కాదు, ఫోన్ తీసి నన్ను తిట్టేవాళ్ళు. ఆ తిట్లు వినడమే నా ఉద్యోగం. దానికి కంపెనీ నాకు జీతం ఇచ్చేది, రెండేళ్ళకోసారి ఇండియాకి టికెట్ కూడా ఇచ్చేది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళు మా ఆయన ఒక్కరే, ఆయన తిట్లలో ఆ వైవిధ్యం లేదు.

మస్కట్‌లో వాదీ కబీర్ దగ్గర ఒక పాత ఫర్నిచర్ గోడౌన్‌ని స్టూడియోగా మార్చి, ప్రతి శుక్రవారం సాయంత్రం గంటసేపు తెలుగు పాటల కార్యక్రమం నడిపేవాళ్ళం. అంతా ప్రత్యక్ష ప్రసారం. గల్ఫ్‌లో పని చేసుకునే మనవాళ్ళే వచ్చి పాడాలి, వాయించాలి, ఆడాలి. మేం అక్కడినుంచి పంపేది హైదరాబాద్‌లో ఒక ఛానల్ వాళ్ళు అందుకుని అటు మన ఊళ్ళకీ ఇటు గల్ఫ్ అంతటికీ చూపించేవాళ్ళు. గంట నిండగానే మేం ఏ పాట ఏ చరణంలో ఉన్నా సరే, మమ్మల్ని తీసేసి వార్తలు మొదలుపెట్టేవాళ్ళు. ఆ విషయంలో వాళ్ళకి దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

కెమెరాకి కనపడని ఒక మూల నా బల్ల. దాని మీద ఫోన్లు, పక్కన చిన్న చీటీల కట్ట. ప్రేక్షకులు ఫోన్ చేసి ఎవరి పాట ఎలా ఉందో చెబుతారు, నేను చీటీ మీద పేరూ ఊరూ అభిప్రాయమూ రాసి యాంకరమ్మాయికి అందిస్తాను, ఆ పిల్ల పాటకీ పాటకీ మధ్య నవ్వుతూ చదువుతుంది. మెచ్చుకున్నవి చదువుతుంది. తిట్టినవి నేను ఆదివారం మీటింగ్‌లో చదువుతాను.

ఆ తిట్లు ఎన్ని రకాలో చెప్పలేను. దార్సైట్ ఫ్లాట్లలో ఉండే కుటుంబాలకి పాత సినిమా పాటలు కావాలి, అదీ పాడే అమ్మాయి పట్టుచీర కట్టుకుని కదలకుండా నిలబడి పాడాలి. హాస్పిటల్స్‌లో పనిచేసే మా కోస్తా నర్సమ్మలకి ఆరాధన పాటలు కావాలి. "అక్కా, క్రిస్మస్ నెలలోనే మేం గుర్తొస్తామా మీకు?" అని నిలదీసేవాళ్ళు. కాలేజీ వయసు పిల్లలకి గిటార్లు, డ్రమ్ములు కావాలి. కార్మికుల క్యాంపుల్లో ఉండే తెలంగాణ తమ్ముళ్ళకి జానపదం కావాలి, కానీ మేం జానపదం అని పేరు పెట్టి పాడించేదాన్ని వాళ్ళు జానపదంగా ఒప్పుకునేవాళ్ళు కాదు. ఘుబ్రా నుంచి ఒక పెద్దావిడ ఉండేది. రిటైరైన టీచరమ్మ, కొడుకు దగ్గర ఉండేది. ఆవిడకి ఏదీ నచ్చదు, ఒక్క వారం చూడకుండా ఉండదు. "అమ్మాయ్, ఆ పాడేవాడి గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది, మిరియాల పాలు తాగి రమ్మను" అని ఫోన్ పెట్టేసేది. నాకు ఆవిడంటే మహా ఇష్టం.

మా డైరెక్టరు గుంటూరు వైపు మనిషి. పని రాక్షసుడు, ముక్కు మీద కోపం, కడుపులో ఏమీ ఉండదు. ఎవరిని పిలవాలో ఎవరిని వద్దనాలో ఆయన ఒక్కడిదే నిర్ణయం. మూడు నిమిషాల్లో ముగించాలి, కెమెరా వైపు చూడాలి, మైకు ముందు నుంచి కదలకూడదు. ఈ మూడింటికీ ఒప్పుకుంటే గొంతు కొంచెం అటూఇటూగా ఉన్నా పర్లేదు. నేను ఆదివారం అభిప్రాయాలన్నీ చదివాక ఆయన టీ తాగుతూ అనేమాట ఒకటే.

"అక్కా, అభిప్రాయాలు వినడానికి. పాటించడానికి కాదు."

ఇలా ఉండగా ప్రతి శుక్రవారం కార్యక్రమం అవగానే రుసేల్ క్యాంపు నుంచి ఒక మనిషి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ మేస్త్రీ. తిట్టడు, గొంతు పెంచడు. అదే మాట, ప్రతివారం.

"మేడం, మీ ప్రోగ్రాం మంచిగనే ఉంది గని, మా అసుంటోళ్ళు ఒక్కలన్న కనవడ్తలేరు."

"నువ్వేం పాడతావు బాబూ?"

"పాడుడొక్కటే గాదు మేడం. చిరుతల భజన. పాడుకుంట, చిరుతలు కొట్టుకుంట, గజ్జెలు కట్టుకోని గుండ్రంగ తిరుగుతం. మేం డజను మందిమి ఉన్నం. అందరం ఒక్క ఊరోళ్ళమే, ఒక్క కంపెనీల చేస్తున్నం."

చిరుతలంటే చేతిలో పట్టుకుని కొట్టే చెక్క పలకలు, వాటికి చిన్న ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. ఆయన అభిప్రాయాన్ని కూడా నేను చీటీ మీద రాసి ఆదివారం చదివేదాన్ని, డైరెక్టరు టీ తాగేవాడు.

ఒకసారి ఆ మేస్త్రీ వారం మధ్యలో ఫోన్ చేశాడు. మామూలుగా శుక్రవారం చేసే మనిషి మంగళవారం చేస్తే నాకు కొంచెం కంగారే అనిపించింది.

"మేడం, మా సైట్ అయిపోయింది. సగం మందిని సలాలా దిక్కు రైసూత్ పంపుతున్నరు. తక్కినోళ్ళకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతున్నరు. వచ్చే శుక్రారం దాటితె మేం అందరం ఒక్క తాన ఉండం."

"అయ్యో. ఊళ్ళో కలుస్తారుగా."

"ఊర్లె ఏడ కలుస్తం మేడం. ఛుట్టీలు అందరికి ఒక్కపారి ఇయ్యరు గదా. ఒకడు పోంగ ఒకడు వస్తడు. మాకు భజన నేర్పిన గురువు ఊర్లె ఉన్నడు. మేం గల్ఫ్‌కు వచ్చినంక అందరం కలిసి ఆడంగ ఆయిన ఒక్కనాడు సూడలె. ఇప్పుడు మంచం మీదికెల్లి లేస్తలేడు. పొద్దుగాల లేస్తె టీవీ సూస్తడు, గంతె. మొదటికెల్లి మంగళారతి దాక ఒక్కపారి టీవీల సూస్తె సాలు మేడం. ఆయిన మంచిగ చేసిండ్రని ఎన్నడు అనలె. ఇప్పుడు గూడ అనకపోవచ్చు. అయిన సూడాలె."

ఫోన్ పెట్టేశాక నాకు పని మీద మనసు నిలవలేదు. ఊళ్ళో నేర్చుకున్న ఆట, ఊళ్ళో ఆడటానికి అందరూ ఒకచోట ఉండరు. అందరూ ఒకచోట ఉన్నది ఒమాన్‌లో, ఒక కంపెనీ క్యాంపులో. అదీ ఇంకొక్క శుక్రవారం వరకే.

ఆదివారం దాకా ఆగకుండా అప్పుడే డైరెక్టరు గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"ఎంతసేపు ఉంటుందట?"

"మామూలుగా అయితే గంటన్నర."

"అక్కా, మన ప్రోగ్రామే గంట."

"తగ్గిస్తారు. నేను తగ్గించమంటాను."

"మంగళహారతి దాకా పాడాలంటున్నారు, మధ్యలో కోస్తే ఒప్పుకోరు. లైవ్‌లో అలాంటి వాళ్ళని పెట్టుకుంటే నా కొంప మునుగుతుంది."

ఆ రోజు నేనేం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు గానీ, ఇన్నేళ్ళ నుంచి తిట్లు తింటున్నది నేనే కాబట్టి ఒక్కసారి ఒక్క అభిప్రాయం పాటించండి అని మాత్రం అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే. పక్క గదిలో ఉన్న మలయాళీ కెమెరామన్ తలుపు తోసి చూసి మళ్ళీ వేసేశాడు. చివరికి డైరెక్టరు ఆఖరి పావుగంట ఇచ్చాడు. అది ఎవరూ తీసుకోని పావుగంట, చాలామంది వంటింట్లోకో నమాజు అయ్యాక మళ్ళీ తెరిచిన కొట్టుకో పోయే సమయం. మేస్త్రీకి చెబితే ఫోన్‌లో అవతల డజను మంది ఒకేసారి మాట్లాడటం వినిపించింది. పాటలు కోసి కోసి పావుగంటకి కుదిస్తామని, మంగళారతి ఒక్కటి మాత్రం ముట్టుకోబోమని చెప్పాడు.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి రిహార్సల్‌కి వచ్చారు. అక్కడ మొదలైంది అసలు తంటా. వాళ్ళు గుండ్రంగా, లోపలికి తిరిగి నిలబడ్డారు. కెమెరాలో అందరి వీపులూ కనిపించాయి. డైరెక్టరు వచ్చి వాళ్ళందర్నీ వరసగా కెమెరా వైపు తిప్పి నిలబెట్టాడు. పాట ఎత్తుకున్నారు. రెండో అడుగుకే ఒకడి మోచెయ్యి ఇంకొకడి కడుపులో, ఒకడి చిరుత ఇంకొకడి చెవి దగ్గర.

"ముందటోని కాలు సూసుకుంట అడుగేస్తం సార్" అన్నాడు మేస్త్రీ. "లైన్ల నిలవడితె ఎవ్వని కాలు సూడాలె?"

డైరెక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు కెమెరామన్ కెమెరా భుజాన పెట్టుకుని వాళ్ళ గుండ్రం మధ్యలోకి నడిచి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మై ఇధర్ బైఠేగా సార్" అన్నాడు తన కేరళ హిందీలో. వాళ్ళు ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టారు, ఆయన కూర్చున్నచోటే తిరుగుతూ ఒక్కొక్కరి మొహం పట్టుకున్నాడు. బయట తెర మీద చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది. చెమట పట్టిన మొహాలు, ఒకదాని వెంట ఒకటి, మనవైపే వస్తున్నట్టు ఉన్నాయి. డైరెక్టరు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే నచ్చినట్టు.

శుక్రవారం వాళ్ళు కంపెనీ బస్సులో వచ్చారు. తెల్ల పంచెలు, తెల్ల బనీన్లు, నడుముకి ఎర్ర తువ్వాళ్ళు, కాళ్ళకి గజ్జెలు. వాళ్ళలో ఒక వడ్రంగి సైట్‌లో మిగిలిన షట్టరింగ్ చెక్కతో చిరుతలు చేశాడట, ఎంత నున్నగా ఉన్నాయో. స్టూడియోలో నిప్పు వెలిగించకూడదు కాబట్టి హారతి పళ్ళెంలో చిన్న బ్యాటరీ దీపం పెట్టుకొచ్చారు. ఊరికి ఫోన్ చేసి చెప్పారా అని అడిగితే, గురువు గారి మంచాన్ని టీవీ ముందుకి జరిపారని, ఏదన్నా ఉంటే చెయ్యమని ఆయన కోడలికి నా మొబైల్ నంబరు కూడా ఇచ్చామని చెప్పారు. మేస్త్రీ కట్టిన గజ్జెలే విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను.

ముందు వచ్చినవాళ్ళు పాడి వెళ్ళారు. వాళ్ళెవరో, ఏం పాడారో ఇప్పుడు అడిగితే చెప్పలేను. యాంకరమ్మాయి వీళ్ళని పరిచయం చేసి పక్కకి తప్పుకుంది. మేస్త్రీ దేవుడికి దండం పెట్టుకుని చిరుతలు పైకెత్తాడు, అందరివీ ఒక్కసారి కిందికి దిగాయి. ఆ గోడౌన్ రేకులు అదిరాయి. ఇన్నేళ్ళలో నేను ఎన్ని పాటలు విన్నానో, కుర్చీలోంచి లేచి నిలబడింది మాత్రం ఆ రోజే. గజ్జెలూ చిరుతలూ పాటా కలిసి ఒకటే పరుగు, మధ్యలో మా కెమెరామన్ బొంగరంలా తిరుగుతున్నాడు.

ఫోన్ మోగింది. ఘుబ్రా ఆవిడే.

"అమ్మాయ్, ఏంటా గోల? అది ఆపి ఒక పాత పాట వెయ్యమను."

అలవాటు ప్రకారం చీటీ మీద రాసేశాను. రాశాక తల ఎత్తి చూస్తే యాంకరమ్మాయి గుండ్రానికి అటువైపు ఉంది. ఆ అమ్మాయికి చీటీ చేరాలంటే నేను అడ్డంగా పరిగెత్తాలి. ఇక నేనేం చేశానంటే, నా పక్కనుంచి అడుగేస్తూ వెళ్తున్న కుర్రాడి చేతిలో చీటీ పెట్టి, అటు ఇవ్వమని యాంకర్ వైపు చెయ్యి చూపించాను. తిట్టు చీటీ అన్న సంగతి కూడా ఆ హడావిడిలో నాకు తట్టలేదు. వాడు అడుగు తప్పకుండా అందుకున్నాడు. కానీ అటు ఇవ్వలేదు, తీసుకెళ్ళి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

వాళ్ళ ఊళ్ళో భజన సాగుతుంటే చూసేవాళ్ళు మెచ్చి ఎంతోకొంత చదివిస్తారట. ఎవరు చదివించారో చీటీ రాసి లోపలికి అందిస్తారు. పెద్దవాడు ఆట ఆపి, ఆ పేరూ ఊరూ అందరికీ వినపడేలా చదివి, వాళ్ళ ఇంటిల్లిపాదికీ శుభం పలికి, అప్పుడు మళ్ళీ పాట ఎత్తుకోవాలి. బయటినుంచి లోపలికి వచ్చిన చీటీ అంటే వాళ్ళకి అదే. వచ్చిన చీటీ చదవకుండా పక్కన పెడితే ఇచ్చినవాళ్ళని అవమానించినట్టు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మేస్త్రీ చిరుతలు గాల్లో ఆపాడు. డజను మందీ ఉన్నచోట నిలిచిపోయారు. ఆయన చీటీ విప్పి, గొంతు సవరించుకుని, రాగం తీస్తూ చదివాడు.

"ఘుబ్రా వాస్తవ్యురాలు, పెద్దలు, టీచరమ్మ గారు, 'ఏంటా గోల, అది ఆపి ఒక పాత పాట వెయ్యమను' అని తమ అభిప్రాయం చదివించినారు. ఆ తల్లికి, ఆమె కొడుకుకు కోడలుకు, పిల్లజెల్లకు, గొడ్డుగోదకు, పాడిపంటకు ఆ భగవంతుని చల్లని చూపు ఉండాలె."

"గోవిందా, గోవింద" అన్నారు అందరూ. చిరుతలు మళ్ళీ దిగాయి.

నా చెవిలో పెట్టుకున్న దాంట్లోంచి డైరెక్టరు గొంతు. "అక్కా, ఏం జరుగుతోందక్కడ?" నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాను. వెంటనే ఫోన్. మళ్ళీ ఆవిడే. అయిపోయాను అనుకుంటూ ఎత్తాను.

"అమ్మాయ్, మా ఇంట్లో గొడ్డూగోదా లేవని చెప్పు. ఒక చిలక ఉంది. దాన్ని చెప్పమను. మా మనవడి పేరు కూడా రాసుకో."

అది రాసి పెట్టానో లేదో, నా బల్ల మీద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మొదలయ్యాయి. సలాలా నుంచి, సోహార్ నుంచి, దుబాయ్ నుంచి, కువైట్ నుంచి. నర్సమ్మలు డ్యూటీ రూమ్ నుంచి చేశారు. "అక్కా, మా చర్చి క్వయర్‌లో కూడా ఇంత ఒద్దికగా అడుగు వెయ్యం, అలా రాయక్కా. మా వార్డు పేరు కూడా చదవమను." ఒక డ్రైవర్ తమ్ముడు రోడ్డు పక్కన బండి ఆపి చేశాడు. తనకి భజన నచ్చలేదట, అయినా తన ఊరి పేరు చదివించమన్నాడు. మెచ్చినవాళ్ళకీ తిట్టినవాళ్ళకీ మేస్త్రీ ఒకే దీవెన ఇస్తున్నాడు, ఒకే రాగంలో. టీవీలో తమ తిట్టుకి గోవింద కొట్టించుకోవడం కోసమే కొందరు ఫోన్ చేశారని నా అనుమానం.

డైరెక్టరు గొంతు మారిపోయింది. హైదరాబాద్ నుంచి ఛానల్ వాళ్ళు ఫోన్ చేశారట, ఇదేదో బ్రహ్మాండంగా ఉంది, ఆపొద్దు అని. "రాయక్కా, రాయి, ఇంకా పంపు" అని ఒకటే అరుపులు. నేను రాస్తున్నాను, అందిస్తున్నాను. నా చెయ్యి నొప్పి పుట్టింది. అంత ఉత్సాహం నాకు నా పెళ్ళిలో కూడా లేదు.

అలా ఇంకో చీటీ అందించబోతూ మేస్త్రీ మొహం చూశాను. ఆయన నవ్వడం లేదు. చదువుతున్నాడు, దీవిస్తున్నాడు, కళ్ళు మాత్రం గోడ మీది గడియారం దగ్గర ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు. వచ్చిన ఏ చీటీనీ ఆయన చదవకుండా వదలడం లేదు. ప్రతి చీటీకీ ఆట ఆగుతుంది. నేను రాసే ఒక్కొక్క అభిప్రాయం వాళ్ళ పాటలోంచి ఒక ముక్క తినేస్తోంది. అక్కడ ఊళ్ళో ఒక ముసలాయన మంచం మీద పడుకుని మంగళారతి కోసం చూస్తున్నాడు, ఇక్కడ నేను చిలక పేరు రాస్తున్నాను.

చెవిలోది తీసి బల్ల మీద పడేశాను. రాసిన చీటీలన్నీ కుర్చీలో పెట్టి వాటి మీద కూర్చున్నాను. మేస్త్రీ వైపు చూసి రెండు చేతులూ ఊపాను, ఇంక లేవు, పాడుకోండి అని. ఆయన నా మొహం చూసి అందుకున్నాడు. చిరుతలు వేగం పెరిగాయి. ఒక పాట దాటారు, ఇంకోటి సగంలోకి వచ్చారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, నేను ఎత్తలేదు. డైరెక్టరు కంట్రోల్ రూమ్ అద్దం వెనక నుంచి నాకేదో సైగలు చేస్తున్నాడు, నేను అటు చూడలేదు.

ఇంక మంగళారతి ఒక్కటే మిగిలింది. ఒక కుర్రాడు హారతి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే నా బల్ల మీదున్న చిన్న టీవీలో వీళ్ళు పోయి, కోటు వేసుకున్న వార్తలాయన వచ్చాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ టీవీ నాకూ డైరెక్టరుకీ తప్ప ఎవరికీ కనపడదు. లోపల వాళ్ళకి ఏమీ తెలియదు, కెమెరామన్ కూడా ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. పళ్ళెంలో బ్యాటరీ దీపం వెలిగించి మేస్త్రీ ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు ఆ పాట వినేది నేనూ గోడౌన్ రేకులూ మాత్రమే.

మొబైల్ మోగింది. ఇండియా నంబరు. ఒమాన్‌లో వాట్సాప్‌లో మాట్లాడటం కుదరదు కదా, అది నిమిషం నిమిషానికీ డబ్బులు కరిగే మామూలు కాల్. ఎవరో ఆడమనిషి గొంతు.

"అక్కా, టీవీల ఆగిపోయింది. మా మామ అడుగుతున్నడు, మంగళారతి కాలేదు గదా, పోరగాండ్లు ఏడ పోయిండ్రు అని."

"ఫోన్ పెట్టెయ్యకమ్మా" అన్నాను. "ఆయన చెవి దగ్గర పెట్టు. పెట్టెయ్యకు."

కుర్చీలోంచి లేచి పరిగెత్తాను. చీటీలు కింద చెల్లాచెదురయ్యాయి. లైవ్‌లో నేను ఎప్పుడూ కెమెరా ముందుకి వెళ్ళలేదు, అప్పుడు లైవ్ లేదు కాబట్టి పర్లేదు. గుండ్రంలోకి దూరి మేస్త్రీ చెవిలో ఒక్క మాట చెప్పాను. "గురువు గారు వింటున్నారు." టీవీ సంగతి చెప్పలేదు. చెయ్యి పైకెత్తి ఫోన్ పట్టుకుని, కెమెరామన్ పక్కన నిలబడ్డాను.

మంగళారతి పాడారు. నా చుట్టూ తిరుగుతూ, ఫోన్ వైపు చూస్తూ పాడారు. వాళ్ళందరూ నాకు తమ్ముళ్ళలాగే అనిపించారు, ఇది రాస్తుంటే కూడా అలాగే అనిపిస్తోంది. పాట అయిపోయాక గజ్జెలు ఆగాయి. డైరెక్టరు లోపలికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన నా చేతిలో ఫోన్ చూసి, వీళ్ళ మొహాలు చూసి, అక్కడే నిలబడిపోయాడు. లైట్లు చూసుకునే అతను అలవాటుగా ఒక్కొక్కటీ ఆపేస్తున్నాడు.

మీరు ఇప్పుడు ఎంతమంది చూశారు, ఎంతమందికి నచ్చింది అని అంకెలు చూసుకుంటారు. ఆ రోజు వచ్చినన్ని ఫోన్లు మా కార్యక్రమానికి ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. మా డైరెక్టరు పై వారం నుంచి యాంకరమ్మాయి చేత చీటీలు రాగం తీసి చదివించాలని చూశాడు కూడా, అది ఎవరికీ నచ్చలేదు. ఏ అభిప్రాయం వినాలో ఏది వదిలెయ్యాలో నాకు ఇన్నేళ్ళయినా పూర్తిగా తెలియదు. ఆ సాయంత్రం మాత్రం వినాల్సిన అభిప్రాయం ఒక్కటే ఉంది, అది ఇంకా రాలేదు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మేస్త్రీకి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. మిగతా వాళ్ళు దగ్గరికి జరిగారు. అవతల కాసేపు దగ్గు, మంచం కిర్రుమన్న చప్పుడు.

"గురువుగారూ" అన్నాడు మేస్త్రీ.

"మంగళారతి ఉరికిచ్చిండ్రు" అంది ఆ ముసలి గొంతు. "ఏందిరా, బస్సు పోతున్నదారా మీది?"

డజను తలలూ ఫోన్ మీదికి ఇంకాస్త వంగాయి.

"మల్ల పాడుండ్రి. నిమ్మళంగ."

డజను మందీ ఒక్కసారి నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మేస్త్రీ ఫోన్ నా చేతికిచ్చి చిరుతలు తీసుకున్నాడు. డైరెక్టరు వెనక్కి తిరిగి, "రేయ్, ఆ లైట్లు వెయ్యరా" అన్నాడు. లైట్లు వచ్చాయి. మేస్త్రీ ఎత్తుకోబోయేలోపే ఫోన్‌లోంచి ఆ పెద్దాయన గొంతు పాట ఎత్తుకుంది, సన్నగా, తొందర లేకుండా. వాళ్ళు ఆ గొంతు వెనకే అడుగు వేశారు.